మార్కెట్ ఒడిదుడుకులు, బుడగ భయం, సెబీ కట్టడి: తరచుగా అడిగే ప్రశ్నలు

2024 జూన్ 4 సాయంత్రం నాకు వరసగా ఫోన్లు వచ్చాయి. అందరూ బంధువులు, పాత సహోద్యోగులు. ఎన్నికల ఫలితాల రోజు అది. సెన్సెక్స్ 4,390 పాయింట్లు పడి 72,079 దగ్గర ఆగింది. "ఇంకా పడుతుందా?" అన్నదే అందరి ప్రశ్న. దానికి జవాబు ఎవరి దగ్గరా లేదు. కానీ ఆ వెనకే వచ్చిన ప్రశ్నలకు జవాబులున్నాయి. అప్పటి నుంచి నన్ను మళ్ళీ మళ్ళీ అడుగుతున్న వాటిని ఇక్కడ ఒకచోట రాసిపెడుతున్నాను. ఫలానా షేర్ కొనమని గానీ అమ్మమని గానీ ఇందులో ఎక్కడా ఉండదు.

కంపెనీలు రాత్రికి రాత్రి మారిపోవు కదా, ధరలు మాత్రం ఒక్కరోజులో ఎందుకు అంతలా పడతాయి?

రాబోయే సంవత్సరాల్లో కంపెనీ ఎంత సంపాదిస్తుందని జనం అనుకుంటున్నారో, షేర్ ధర దాన్నిబట్టి ఉంటుంది. ఆ అంచనా మారిందంటే ధర అదే నిమిషంలో మారుతుంది. 2024 జూన్ 3న ఎగ్జిట్ పోల్స్ చూసి సెన్సెక్స్ 2,507 పాయింట్లు పెరిగింది. మర్నాడు లెక్కింపు ఆ అంచనాకి తగ్గట్టు రాకపోయేసరికి, పెరిగినదంతా పోయి ఇంకా కిందికి దిగింది. ఆ రెండు రోజుల్లో ఏ కంపెనీ వ్యాపారమూ తలకిందులైపోలేదు.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఒక కంపెనీకి కోట్ల షేర్లు ఉన్నా, రోజూ చేతులు మారేవి అందులో కొద్ది భాగమే. ఆ కొద్ది షేర్లు ఏ ధరకి అమ్ముడయ్యాయో, మిగతా అందరి దగ్గరున్న షేర్లకీ అదే ధర కడతారు. "లక్షల కోట్లు ఆవిరి" అని టీవీలో వచ్చేది ఈ లెక్కే.

అయితే పతనాన్ని పరుగెత్తించేది మాత్రం అప్పు. అప్పు మీద కొన్నవాళ్ళ ఖాతాలో ధర తగ్గగానే మార్జిన్ (బ్రోకర్ దగ్గర పూచీగా ఉంచాల్సిన సొమ్ము) చాలదు. డబ్బు వెయ్యమని బ్రోకర్ నుంచి మెసేజ్ వస్తుంది. వెయ్యకపోతే సిస్టమే అమ్మేస్తుంది. ఆ అమ్మకంతో ధర ఇంకాస్త దిగుతుంది, ఇప్పుడు ఇంకొకరి మార్జిన్ చాలదు. ఇలా ఒకరి వెనక ఒకరు. కరోనా భయంలో 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజే 13 శాతం పైగా పడి 25,981 దగ్గర ముగిసింది. ఆ రోజుల్లో భయంతో అమ్మినవాళ్ళు కొందరైతే, అమ్మక తప్పని స్థితిలో అమ్మినవాళ్ళు కూడా చాలామంది.

ఒడిదుడుకులు, బుడగ ఒకటేనా?

రెండూ వేరు. వీటిని కలిపేసుకోవడం వల్లే చాలామంది తప్పు సమయంలో భయపడతారు, తప్పు సమయంలో ధైర్యంగా ఉంటారు.

ఒడిదుడుకులు అంటే ధర అటూ ఇటూ ఊగడం. మార్కెట్ ఉన్నంతకాలం అవి ఉంటాయి. బుడగ అంటే సంపాదనతో సంబంధం లేకుండా, "రేపు ఇంకొకరు ఇంతకంటే ఎక్కువకి కొంటారు" అన్న ఒక్క నమ్మకంతో ధర పెరగడం. వాపును చూసి బలుపు అనుకోవడం అంటామే, అదే. బుడగ ఊదుకుంటున్నప్పుడు మార్కెట్ చాలాసార్లు ప్రశాంతంగానే ఉంటుంది. రోజూ కొంచెం కొంచెం పెరుగుతుంది, పడినా మర్నాటికి లేస్తుంది. ఆ ప్రశాంతత చూసే కొత్తవాళ్ళు వస్తారు.

బుడగ పగిలితే ఎంత కాలం పడుతుందో జపాన్ చూపించింది. అక్కడి నిక్కీ సూచీ 1989 డిసెంబర్ 29న 38,915 దగ్గర ముగిసింది. మళ్ళీ ఆ అంకె దాటింది 2024 ఫిబ్రవరిలో. ముప్ఫై నాలుగేళ్ళు. ఇరవై అయిదేళ్ళ వయసులో కొన్న మనిషి రిటైర్మెంట్ దగ్గరపడేదాకా ఎదురు చూడాల్సి వచ్చింది. "ఎప్పటికైనా లేస్తుందిలే" అనే ముందు ఈ అంకె ఒకసారి గుర్తు చేసుకోండి.

మన దగ్గర 1992 ఉంది. బ్రోకర్ హర్షద్ మెహతా రోజుల్లో ఏసీసీ షేర్ సుమారు 200 రూపాయల నుంచి 9,000 దాకా వెళ్ళింది. ఆ సిమెంట్ కంపెనీ వ్యాపారం అన్ని రెట్లు పెరగలేదు. పెరిగింది బ్యాంకుల నుంచి దారి మళ్ళి మార్కెట్లోకి వచ్చిన డబ్బు.

ఇండియా విక్స్ అని టీవీలో చూపిస్తారు, అదేమిటి?

సెన్సెక్స్ లాంటి ఇంకో సూచీ నిఫ్టీ. దాని ఆప్షన్ల (ముందే అనుకున్న ధరకి తర్వాత కొనే లేదా అమ్మే హక్కుల) ధరల నుంచి ఎన్ఎస్ఈ (నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్) కట్టే అంకె విక్స్. వచ్చే 30 రోజుల్లో నిఫ్టీ ఎంత ఊగవచ్చని మార్కెట్ అనుకుంటోందో, దాన్ని ఏడాది లెక్కలో చెబుతుంది. విక్స్ 15 అంటే నెలకి 4 శాతం పైచిలుకు ఊగవచ్చన్న అంచనా. పైకో కిందికో మాత్రం చెప్పదు. 2020 మార్చిలో ఇది 80 దాటింది.

బుడగని ముందే గుర్తుపట్టవచ్చా?

ఖచ్చితంగా అయితే కుదరదు. పగిలాక మాత్రం అందరికీ ముందే తెలిసినట్టు ఉంటుంది. కానీ లక్షణాలు ఉంటాయి, నేను మూడింటిని చూస్తాను.

మొదటిది, కొనే డబ్బు ఎక్కడిది? సొంత పొదుపా, అప్పా? అప్పుతో పెరిగిన ధర ఎక్కువకాలం నిలబడదు. రెండోది, మార్కెట్లో తిరిగే షేర్లు ఎన్ని? ప్రమోటర్ల (కంపెనీని నడిపే యజమానుల) దగ్గరే 75 శాతం ఉండి, మిగతాదాంట్లో కూడా రోజూ అమ్మకానికి వచ్చేవి కొన్ని వేలే అయితే, కొద్దిమంది కలిసి ధరని ఎంత దూరమైనా తీసుకెళ్ళగలరు. మూడోది, జనం కంపెనీ పేరు కూడా చదవకుండా దరఖాస్తు చేస్తున్నారా?

ఆ మూడోదానికి 2024 ఆగస్టు నాటి ఉదాహరణ చాలు. ఢిల్లీలో రెండు బైక్ షోరూములు, పట్టుమని పదిమంది కూడా లేని సిబ్బంది ఉన్న ఒక డీలర్ 12 కోట్ల రూపాయల ఎస్ఎంఈ ఐపీఓకి (చిన్న కంపెనీలు మొదటిసారి జనానికి షేర్లు అమ్మే ఇష్యూకి) వచ్చాడు. దానికి సుమారు 4,800 కోట్ల రూపాయల బిడ్లు వచ్చాయి. ఆ డీలర్ తప్పేమీ చేయలేదు, ఆఫర్ పత్రంలో ఉన్నది ఉన్నట్టే రాశాడు. తీరిగ్గా కూర్చుని ఆ పత్రం చదివినవాళ్ళు ఎంతమంది అన్నదే నా బాధ. ఆ నెలాఖరునే ఎస్ఎంఈ షేర్ల విషయంలో జాగ్రత్త అని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఇన్వెస్టర్లను బహిరంగంగా హెచ్చరించింది. అంతకు ముందు జులైలోనే, ఎస్ఎంఈ షేర్ మొదటి రోజు ఇష్యూ ధర మీద 90 శాతానికి మించి ఓపెన్ కాకుండా ఎన్ఎస్ఈ పరిమితి పెట్టింది. డిసెంబర్‌లో సెబీ బోర్డు ఎస్ఎంఈ ఇష్యూలకు లాభాల షరతు కూడా తెచ్చింది: గత మూడేళ్ళలో కనీసం రెండేళ్ళు కోటి రూపాయల నిర్వహణ లాభం ఉండాలని.

ధరలు మరీ పెరిగాయని తెలిస్తే సెబీయే తగ్గించవచ్చు కదా?

ధర ఎంత ఉండాలో చెప్పడం సెబీ పని కాదు. ఒకప్పుడు ఆ పద్ధతి ఉండేది. కొత్త షేర్లు ఏ ధరకి అమ్మాలో ఢిల్లీలో క్యాపిటల్ ఇష్యూస్ కంట్రోలర్ అనే అధికారి నిర్ణయించేవాడు. 1992లో ఆ చట్టమే తీసేశారు. 1988లో ఏర్పడిన సెబీకి చట్టబద్ధమైన అధికారాలు వచ్చిందీ 1992లోనే.

సెబీ చేతిలో ఉన్నవి వేరే పనిముట్లు. అప్పు మీద ఆడేవాళ్ళకి మార్జిన్ పెంచడం, సమాచారం బయట పెట్టించడం, వేగానికి అడ్డుకట్ట వేయడం, మోసం చేసినవాళ్ళని బయటికి పంపడం. నా దృష్టిలో వీటన్నిటిలో అతి ముఖ్యమైనది మొదటిదే. పాత కథలు చూడండి. 2001లో బ్రోకర్ కేతన్ పరేఖ్ కుంభకోణం బయటపడ్డాక, అదే ఏడాది జులైలో బదలా పద్ధతిని ఆపేశారు. బదలా అంటే షేర్లు కొని, డబ్బు కట్టకుండా వడ్డీ ఇచ్చి లెక్కని తర్వాతి సెటిల్‌మెంట్‌కి (షేర్లు, డబ్బు చేతులు మారే రోజుకి) తోసేయడం. అది పోవడంతో అప్పు మీద పేర్చిన మేడల్లో ఒక అంతస్తు పోయింది. సెటిల్‌మెంట్ కూడా తగ్గుతూ వచ్చింది. 2003లో అమ్మిన రెండో రోజుకి, 2023 జనవరి నుంచి అన్ని షేర్లకీ మర్నాటికే.

ఇంట్రాడేలో (అదే రోజు కొని అదే రోజు అమ్మేయడంలో) కూడా ఇదే జరిగింది. ఒకప్పుడు పదివేలు ఉంటే రెండు, మూడు లక్షల రూపాయల షేర్లు కొననిచ్చే బ్రోకర్లు ఉండేవారు. రోజులో ఏ క్షణంలోనైనా తగినంత మార్జిన్ ఉండాలనే పీక్ మార్జిన్ నిబంధనలు 2020 డిసెంబర్‌లో మొదలై, 2021 సెప్టెంబర్ నాటికి పూర్తిగా అమల్లోకి వచ్చాయి. ఇప్పుడు ఇంట్రాడేలో అయిదు రెట్లకి మించి దొరకదు. అయిదు రెట్లు కూడా తక్కువేమీ కాదు. షేర్ 20 శాతం పడితే మీ డబ్బు మొత్తం పోయినట్టే.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ప్రతిసారీ స్కామ్ అయ్యాకే నిబంధన వస్తుందని కొందరు విమర్శిస్తారు. 1992, 2001 విషయంలో ఆ విమర్శ న్యాయమైనదే. గత అయిదారేళ్ళలో మాత్రం ముందే కదలడం నేర్చుకున్నారని నాకు అనిపిస్తోంది.

సర్క్యూట్ బ్రేకర్ పడితే మార్కెట్ ఎంతసేపు ఆగుతుంది?

సెన్సెక్స్ గానీ నిఫ్టీ గానీ ముందురోజు ముగింపు నుంచి 10, 15, 20 శాతం కదిలితే మార్కెట్ మొత్తం ఆగుతుంది. మధ్యాహ్నం ఒంటిగంట లోపు 10 శాతం కదిలితే 45 నిమిషాలు, ఒంటిగంట నుంచి రెండున్నర మధ్య అయితే 15 నిమిషాలు, ఆ తర్వాత 10 శాతానికి ఆగదు. 15 శాతం అయితే ఒంటిగంటకి ముందు గంటా ముప్పావు, ఒంటిగంట నుంచి రెండు మధ్య 45 నిమిషాలు, రెండు దాటితే ఇక ఆ రోజుకి అంతే. 20 శాతం ఎప్పుడు తగిలినా ఆ రోజుకి తలుపులు మూసినట్టే. పెరిగినా ఇదే లెక్క. 2009 మే 18న ఎన్నికల ఫలితాల తర్వాత మార్కెట్ పైకి దూసుకెళ్ళి ఆగిపోయింది.

ఈ విరామం ఎందుకంటే, మనిషి ఒక్క క్షణం ఆగి ఆలోచించడానికి. ప్రపంచంలో ఈ ఆలోచన 1987 అక్టోబర్ 19 తర్వాత వచ్చింది. అమెరికాలో డౌ సూచీ ఆ ఒక్కరోజే 22.6 శాతం పడింది. మన దగ్గర 2001 జులైలో ఈ పద్ధతి వచ్చింది. పనిచేస్తుందా అంటే, 2020 మార్చి 13ని చూడండి. పొద్దున్నే 10 శాతం పడి 45 నిమిషాలు ఆగింది. మళ్ళీ తెరిచాక కోలుకుని, సాయంత్రానికి సెన్సెక్స్ 1,325 పాయింట్ల లాభంతో ముగిసింది. పది రోజులకి మార్చి 23న కూడా ఆగింది, కానీ తెరిచాక ఇంకా పడింది. విరామం ఇవ్వడం వరకే నియంత్రణ సంస్థ చేతిలో ఉంది. ఆ 45 నిమిషాల్లో జనం ఏమనుకుంటారో దాని చేతిలో లేదు.

నా షేర్ రోజూ లోయర్ సర్క్యూట్‌లో ఉంటోంది, అమ్మలేకపోతున్నాను. ఇదేమి న్యాయం?

ఈ బాధ నాకు స్వయంగా తెలుసు. చాలా ఏళ్ళ క్రితం ఒక చిన్న కంపెనీ షేర్ 84 రూపాయలకి కొన్నాను. దానికి 5 శాతం బ్యాండ్ ఉండేది, అంటే ధర ఒక్కరోజులో అంతకు మించి పెరగదు, తగ్గదు. కింది హద్దుని తాకితే లోయర్ సర్క్యూట్, పై హద్దుని తాకితే అప్పర్ సర్క్యూట్. ఒక సోమవారం తొమ్మిదీ పదిహేనుకి తెర చూస్తే, ఎడమవైపు కొనేవాళ్ళ వరసలో అయిదు గడులూ సున్నాలు. కుడివైపు ఒకే ధర దగ్గర నాలుగు లక్షల పైన షేర్లు అమ్మకానికి. నా ఆర్డర్ ఆ వరసలో ఎక్కడో చివర. మర్నాడు తొమ్మిదింటికే ఆర్డర్ పెట్టాను, అప్పటికే లక్షల షేర్లు ముందున్నాయి. ఇలా పది సెషన్లు. అమ్ముడయ్యేసరికి 50 రూపాయలు.

ఒక్కో షేర్‌కి 2, 5, 10, 20 శాతం బ్యాండ్లు ఉంటాయి. ఇవి ధర ఒక్కసారిగా కూలకుండా ఆపుతాయి, కానీ కొనేవాళ్ళని తెచ్చిపెట్టలేవు. నిజానికి అప్పర్ సర్క్యూట్లు రోజూ కొడుతున్నప్పుడే భయపడాలి. అప్పుడు అమ్మేవాళ్ళు లేరంటే, రేపు కొనేవాళ్ళు ఉండకపోవచ్చు. ఆ రోజు నాకు ఈ మాట ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఉన్న షేర్లకు ఇలాంటి స్థిరమైన బ్యాండ్ ఉండదు. అది మేలు, కీడు రెండూ. 2009 జనవరి 7న సత్యం ఛైర్మన్ రామలింగరాజు లెక్కల్లో 7,000 కోట్లకు పైగా మోసం ఉందని ఒప్పుకుంటూ ఉత్తరం రాశారు. ముందురోజు 179 రూపాయల దగ్గర ముగిసిన షేర్ ఆ ఒక్కరోజులోనే 40 రూపాయల దగ్గరికి వచ్చేసింది. హైదరాబాద్‌లో ఎన్ని ఇళ్ళల్లో ఆ రాత్రి నిద్రలేదో! అయినా ఆ రోజు అమ్మదలచినవాళ్ళకి ఎంతో కొంతకి అమ్మే దారి అయితే దొరికింది.

నా షేర్‌ని ఏఎస్ఎంలో పెట్టారు. కంపెనీ తప్పు చేసిందా?

అలా అనుకోనక్కర్లేదు. ధర, వాల్యూమ్ అసాధారణంగా కదిలితే ఎక్స్ఛేంజ్‌లు ఏఎస్ఎం (అదనపు నిఘా) జాబితాలో పెడతాయి. 2018 నుంచి ఉంది. కంపెనీ ఆర్థిక స్థితికి ధర పొంతన లేకపోతే జీఎస్ఎం (దశలవారీ నిఘా). అందులో పడితే దశలవారీగా 100 శాతం మార్జిన్, చిన్న బ్యాండ్, ఇంట్రాడే కుదరని ట్రేడ్ టు ట్రేడ్ లాంటి షరతులు వస్తాయి. ఇది హెచ్చరిక, తీర్పు కాదు. కొనే ముందు ఎక్స్ఛేంజ్ సైట్లో ఆ షేర్ ఏ జాబితాలో ఉందో చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది.

2024 మార్చిలో స్మాల్ క్యాప్ షేర్లు ఎందుకు పడ్డాయి? సెబీ మాట వల్లేనా?

మార్చి 11న అప్పటి సెబీ ఛైర్‌పర్సన్ మాధవి పురి బుచ్, మార్కెట్లో అక్కడక్కడా నురగ కనిపిస్తోందని, దాన్ని కొందరు బుడగ అంటారని, అలాగే పెరగనివ్వడం సరికాదని అన్నారు. రెండు రోజులకి, 13న, బీఎస్ఈ (బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజ్) స్మాల్ క్యాప్ (చిన్న కంపెనీల) సూచీ సుమారు 5 శాతం పడింది. చాలామంది ఆమెను తిట్టుకున్నారు. నేను మాత్రం ఆ మాట చెప్పడం సరైనదే అంటాను. ఒక మాటకే 5 శాతం పడే ధర, ఆ మాట లేకపోయినా ఇంకెప్పుడో పడేదే. అప్పటికి ఇంకెంతమంది కొత్తవాళ్ళు పై ధరకి కొని ఉండేవారో.

మాటతో పాటు ఒక పని కూడా జరిగింది. మిడ్, స్మాల్ క్యాప్ మ్యూచువల్ ఫండ్లు స్ట్రెస్ టెస్ట్ ఫలితాలు బయట పెట్టాలన్నారు. అందరూ ఒక్కసారి డబ్బు వెనక్కి అడిగితే, పోర్ట్‌ఫోలియోలో 25 శాతం, 50 శాతం అమ్మడానికి ఎన్ని రోజులు పడుతుందన్నది ఆ పరీక్ష. కొన్ని పెద్ద స్మాల్ క్యాప్ ఫండ్లకు సగం అమ్మడానికి వారాలు పడుతుందని తేలింది. ఇంకో మాట, ఆ లెక్కలో తేలిగ్గా అమ్ముడుపోని అట్టడుగు 20 శాతాన్ని పక్కన పెడతారు. అంటే అసలు కష్టమైన భాగం లెక్కలో లేదు. ఫండ్ కొనే ముందు రాబడి పట్టికతో పాటు ఈ రోజుల సంఖ్య కూడా చూడండి. ఫండ్ హౌస్ సైట్లో ఉంటుంది.

ఎఫ్ అండ్ ఓ మీద సెబీ ఎందుకు ఇంత కఠినంగా ఉంది?

ఎందుకంటే ఇళ్ళు మునుగుతున్నాయి. ఈ ప్రశ్నకి కాస్త పెద్ద జవాబే రాస్తాను. ఎఫ్ అండ్ ఓ అంటే ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్: షేర్‌ని కాకుండా, షేర్ లేదా సూచీ రాబోయే ధర మీద కుదిరే ఒప్పందాలని కొని అమ్మడం.

సెబీ 2024 సెప్టెంబర్‌లో ఒక అధ్యయనం విడుదల చేసింది. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్ళలో ఎఫ్ అండ్ ఓలో ట్రేడ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మందికి నష్టమే వచ్చింది. కోటి మందికి పైగా మనుషులు, మొత్తం 1.8 లక్షల కోట్ల రూపాయల పైన నష్టం, ఖర్చులతో కలిపి సగటున మనిషికి సుమారు 2 లక్షలు. ఖర్చులు పోను లక్ష రూపాయలకు మించి లాభం చూసినవాళ్ళు నూటికి ఒక్కరు. ట్రేడర్లలో నూటికి 75 మందికి పైగా ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం ఉన్నట్టు చెప్పుకున్నవాళ్ళే. ముప్ఫై ఏళ్ళ లోపు వాళ్ళ వాటా ఒక్క ఏడాదిలో 31 నుంచి 43 శాతానికి పెరిగింది. వరుసగా నష్టపోయినా, నూటికి 75 మందికి పైగా మానలేదు. నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది ఈ చివరి సంగతి.

ఎక్స్‌పైరీ రోజు, అంటే ఆప్షన్ గడువు తీరే రోజు, ఎలా ఉంటుందో ఒకసారి మా బావమరిది పక్కన కూర్చుని చూశాను. గురువారం, రెండుంబావు. నిఫ్టీకి 60 పాయింట్ల పైనున్న కాల్ ఆప్షన్ (సూచీ పెరిగితే లాభమిచ్చేది) 12 రూపాయలకి వెయ్యి యూనిట్లు కొన్నాడు, పన్నెండు వేలు. పది నిమిషాల్లో 19 అయింది. "చూశావా బావా" అన్నాడు, అమ్మలేదు. మూడింటికి 7. అప్పుడు ఇంకో వెయ్యి కొన్నాడు, సగటు తగ్గుతుందని. మూడుంబావుకి 2. ఫోన్ పట్టుకున్న చెయ్యి చల్లగా అయిపోయింది. మూడున్నరకి తెర మీద 0.05 అని నిలబడింది. అయిదు పైసలు. గంటంబావులో పంతొమ్మిది వేలు. వాడి జీతం అప్పట్లో ముప్ఫై రెండు వేలు. వారం తిరక్కుండానే మళ్ళీ కూర్చున్నాడు.

అప్పట్లో వారంలో ప్రతి రోజూ ఏదో ఒక సూచీకి ఎక్స్‌పైరీ ఉండేది. సోమవారం మిడ్ క్యాప్, మంగళవారం ఫిన్ నిఫ్టీ, బుధవారం బ్యాంక్ నిఫ్టీ, గురువారం నిఫ్టీ, శుక్రవారం సెన్సెక్స్. 2024 అక్టోబర్ 1న సెబీ దీన్ని మార్చింది. ఒక్కో ఎక్స్ఛేంజ్‌కి ఒకే సూచీకి వారపు ఎక్స్‌పైరీ, కాంట్రాక్ట్ విలువ కనీసం 15 లక్షలు, ఎక్స్‌పైరీ రోజు ఆప్షన్లు అమ్మినవాళ్ళకి అదనంగా 2 శాతం మార్జిన్, కొనేవాళ్ళ నుంచి ప్రీమియం (ఆప్షన్ ధర) మొత్తం ముందే వసూలు. ఆ నవంబర్ నుంచి దశలవారీగా అమలైంది. నిఫ్టీ లాట్ (ఒక్కసారికి కొనాల్సిన కనీస యూనిట్లు) 25 నుంచి 75 అయింది. 2025 సెప్టెంబర్ నుంచి ఎక్స్‌పైరీలు మంగళవారం, గురువారం మాత్రమే.

నష్టాలు ఆగాయా? ఆగలేదు. 2024-25లో వ్యక్తుల నష్టం 1,05,603 కోట్లని, నూటికి 91 మంది నష్టపోయారని సెబీయే 2025 జులైలో చెప్పింది. నిబంధనలు ఆ ఏడాది సగం దాటాకే వచ్చాయన్నది నిజమే. అయినా ఈ అంకె చూసి సంతోషించడానికి ఏమీ లేదు.

లాట్ సైజు పెంచితే చిన్నవాళ్ళని బయటికి నెట్టినట్టు కాదా?

కొంతవరకు అవును, ఉద్దేశమూ అదే. ఎత్తు ఎక్కువున్న మెట్టు ఎక్కే ముందు మనిషి ఆగి చూస్తాడని ఆశ. నాకున్న అభ్యంతరం ఒకటే: డబ్బున్నవాడికి తెలివి ఎక్కువ ఉంటుందని అనుకోవడం తప్పు. లాట్ సైజు కంటే, ఆదాయం, అనుభవం చూసి అనుమతించే పద్ధతి మంచిదని నా అభిప్రాయం.

చిన్నవాళ్ళ మీదే ఆంక్షలా? పెద్ద సంస్థలను ఎవరు అడుగుతారు?

అడిగారు. 2025 జులై 3న అమెరికా ట్రేడింగ్ సంస్థ జేన్ స్ట్రీట్ మీద సెబీ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, 4,843 కోట్ల రూపాయలు జప్తు చేయమంది. పొద్దున బ్యాంక్ షేర్లు భారీగా కొని సూచీని లేపి, మధ్యాహ్నం అమ్మి దించి, ఈలోగా ఆప్షన్లలో దానికంటే ఎన్నో రెట్లు సంపాదించారన్నది ఆరోపణ. సంస్థ దాన్ని ఖండించి, ట్రిబ్యునల్‌కి వెళ్ళింది. తుది మాట ఏదైనా, మా బావమరిది ఫోన్లో ఆడుతున్న ఆటలో అవతలి కుర్చీలో ఎవరు కూర్చున్నారో జనానికి తెలిసింది. 2023-24లో విదేశీ సంస్థలు ఎఫ్ అండ్ ఓలో సంపాదించిన లాభంలో 97 శాతం కంప్యూటర్ అల్గారిథమ్‌ల ద్వారా వచ్చిందే.

ఇందులో రిజర్వ్ బ్యాంక్ పాత్ర ఏమైనా ఉందా?

ఉంది, అప్పు దగ్గర. పెద్ద ఇన్వెస్టర్లు ఫైనాన్స్ కంపెనీల దగ్గర కోట్లకు కోట్లు అప్పు తెచ్చి ఐపీఓలకు బిడ్లు వేసేవారు. "200 రెట్లు సబ్‌స్క్రైబ్" అనే అంకెల్లో చాలా భాగం ఆ అప్పే. 2022 ఏప్రిల్ నుంచి ఒక్కొక్కరికి కోటి రూపాయల పరిమితి పెట్టారు. 2023 నవంబర్‌లో పర్సనల్ లోన్ల వంటి తాకట్టు లేని అప్పుల మీద రిస్క్ వెయిట్‌ని (బ్యాంకు ఎంత మూలధనం పక్కన పెట్టాలో చెప్పే లెక్కని) 100 నుంచి 125 శాతానికి పెంచారు.

ఆంక్షలు ఎక్కువైతే అదే ప్రమాదం కాదా?

కావచ్చు. చైనా 2016 జనవరి 4న సర్క్యూట్ బ్రేకర్ మొదలుపెట్టింది. 5 శాతానికి కాసేపు విరామం, 7 శాతానికి రోజంతా బంద్. తలుపు మూసేస్తారని తెలిసేసరికి, మూయకముందే బయటపడాలని అందరూ ఒకేసారి పరుగెత్తారు. జనవరి 7న అరగంట లోపే మార్కెట్ మూతపడింది. నాలుగు రోజులకే ఆ పద్ధతిని ఎత్తేశారు. గడప ఎంత ఎత్తు పెట్టాలన్నది చిన్న విషయమేమీ కాదు.

వాట్సాప్, యూట్యూబ్ టిప్స్ నమ్మవచ్చా?

చెప్పేవాళ్ళకి సెబీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ముందు చూడండి. రిజిస్ట్రేషన్ లేకుండా సలహాలిచ్చేవాళ్ళతో బ్రోకర్లు, ఫండ్లు సంబంధం పెట్టుకోకూడదని 2024లో నిబంధన వచ్చింది. పాఠాలు చెబుతున్నామనే వాళ్ళు గత మూడు నెలల లోపు ధరలు వాడకూడదని 2025 జనవరిలో సర్క్యులర్ ఇచ్చారు. "గ్యారంటీ రాబడి" అన్న మాట వినగానే ఆ గ్రూప్ నుంచి బయటికి రండి.

మార్కెట్ పడుతుంటే సిప్ (నెలనెలా ఫండ్‌లో వేసే మొత్తం) ఆపేయాలా?

అయిదేళ్ళలోపు కావాల్సిన డబ్బైతే అసలు అందులో ఉండకూడదు. అంతకు మించి అవసరం లేని డబ్బైతే, తక్కువ ధరకి ఎక్కువ యూనిట్లు వచ్చేది పడినప్పుడే కాబట్టి ఆపనక్కర్లేదు. స్మాల్ క్యాప్‌లోనే మొత్తం పెట్టి ఉంటే మాత్రం కొంత సర్దుకోండి.

ఎఫ్ అండ్ ఓలో అప్పుల పాలయ్యాను. ఇంట్లో తెలియదు. ఏం చేయాలి?

ఈ ప్రశ్న నాకు ఎక్కువగా రాత్రి పదకొండు తర్వాత వస్తుంది. మీరు ఒక్కరే కాదు, పైన చెప్పిన కోటి మందిలో మీరూ ఒకరు.

ముందు పోగొట్టిన చోటే రాబట్టాలన్న ప్రయత్నం ఆపండి. బ్రోకర్‌కి చెప్పి ఎఫ్ అండ్ ఓ సెగ్మెంట్ మూయించవచ్చు. ట్రేడింగ్ ఖాతాని మీ అంతట మీరే ఫ్రీజ్ చేయించుకునే సౌకర్యం కూడా 2024 జులై నుంచి ఉంది. ఆ పని ఈ రాత్రే చేయండి, రేపు పొద్దున తొమ్మిదింటికి మనసు మారవచ్చు. తర్వాత ఎవరికి ఎంత ఇవ్వాలో, ఏ వడ్డీకి తెచ్చారో కాగితం మీద రాయండి. లోన్ యాప్‌లు, క్రెడిట్ కార్డులు ముందు, బంధువులవి తర్వాత. గడువు లోపల రిటర్న్ దాఖలు చేస్తే ఎఫ్ అండ్ ఓ నష్టాన్ని ఎనిమిదేళ్ళ దాకా వ్యాపార లాభాల్లో తగ్గించుకోవచ్చు, కాబట్టి నష్టం వచ్చిందని రిటర్న్ మానకండి.

ఆ కాగితం ఇంట్లో ఒక్కరికైనా చూపించండి. మా బావమరిది ఏడు నెలలు దాచాడు. చెప్పిన రోజు మా చెల్లెలు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి, కళ్ళజోడు పెట్టుకుని, ఆ కాగితం మీది వరసల పక్కన ఏ నెలలో ఏది తీర్చాలో రాయడం మొదలుపెట్టింది. ఇంట్లో ఎవరికీ చెప్పే పరిస్థితి లేకపోతే, బతకాలని లేదనే ఆలోచన ఒక్కసారైనా వచ్చి ఉంటే, 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వ టెలీ మానస్ లైన్ అది, పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.